కార్డు మీది మాట, తెర మీది ధర

బల్ల మీద చిన్న చిన్న బొమ్మలను సైన్యాలుగా నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే ఆటలను మినియేచర్ ఆటలంటారు. మన ఊళ్ళలో వీటిని ఆడేవారు కొద్దిమందే. బ్రిటన్, అమెరికా, స్పెయిన్ వంటి చోట్ల మాత్రం ఇది పెద్ద వ్యాపకం, దాని వెంట పెద్ద వ్యాపారం. ఒక్కో బొమ్మ ఎంత దూరం కదలగలదు, ఎంత గట్టిగా కొడుతుంది, ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది, దానికున్న ప్రత్యేక శక్తులేమిటి అన్నవి చాలా ఆటల్లో ఒక కార్డు మీద అచ్చువేసి ఉంటాయి. ఆ బొమ్మను సైన్యంలో చేర్చుకోవాలంటే ఎన్ని పాయింట్లు ఖర్చుపెట్టాలో కూడా చాలాకాలం ఆ కార్డు మీదే ఉండేది. ఇద్దరూ ఒకే మొత్తం పాయింట్లలో సైన్యాలు కూర్చుకుంటే ఆట సమానంగా మొదలైనట్టు లెక్క. కార్డు అచ్చయ్యాకే అసలు చిక్కు మొదలవుతుంది. ఆట అంగట్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే వేలమంది దాన్ని ఆడి, తయారుచేసినవారి ఊహకందని జోడింపులు కనిపెడతారు. ఒక బొమ్మ తన ధరకు మించి విజృంభిస్తుంది, ఇంకో బొమ్మ పెట్టె దాటి బయటికే రాదు. కంపెనీ సవరణ ప్రకటిస్తుంది. ఆనాటినుంచి చేతిలోని కార్డు ఒకటి చెబుతుంది, చెల్లుబాటయ్యే నియమం ఇంకొకటి చెబుతుంది. ఈ ఎడాన్ని ఎలా సంభాళించాలన్న ప్రశ్నకు గడచిన నాలుగు దశాబ్దాల్లో కంపెనీలు, ఆటగాళ్ళ సంఘాలు రకరకాల జవాబులు వెతికాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనబడుతోంది. కార్డు మీద రెండు వేర్వేరు వస్తువులున్నాయి: బొమ్మ ఏం చేయగలదో చెప్పే మాట, దానికెంత వెచ్చించాలో చెప్పే ధర. ఈ రెంటికీ ఆయుష్షు ఒకటి కాదు. ధర తరచూ మారవలసినదే, మాట వీలైనంత నిలకడగా ఉండవలసినదే. రెంటినీ ఒకే అచ్చులో బిగించిన ఆటలూ దెబ్బతిన్నాయి, రెంటినీ ఒకే వేగంతో మార్చిన ఆటలూ దెబ్బతిన్నాయి.

ఈ చిక్కు మొదటినుంచీ ఉన్నది కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు ప్రచురించిన క్రీగ్‌స్పీల్‌లో నియమాలకూ పట్టికలకూ కొదవలేదు. కానీ ఆ పట్టికలకూ ఆటగాళ్ళకూ నడుమ ఒక అంపైరు ఉండేవాడు. నియమం అతకని చోట అతని మాటే తీర్పు. 1876లో వెర్డీ డు వెర్నువా అనే సేనాధికారి ఇంకో అడుగు ముందుకేసి, పట్టికల భారం వదిలించుకుని అంపైరు అనుభవాన్నే నమ్ముకుందామన్నాడు. 1913లో హెచ్.జి. వెల్స్ రాసిన 'లిటిల్ వార్స్' ఇంటి గచ్చు మీద ఆడుకునేవారికోసం రాసిన చిన్న పుస్తకం. స్నేహితుల ఆట కనుక అనుమానమొస్తే మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. 1983లో బ్రిటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్ 'వార్‌హామర్'ను తెచ్చాక, ఆ తర్వాతి దశాబ్దాల్లో టోర్నమెంట్లు పెరిగాక, ఎదురుబొదురుగా కూర్చునేది ముక్కూమొహం ఎరగని ఇద్దరైపోయారు. బల్లబల్లకూ ఒక అంపైరును కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. అంపైరు లేచి వెళ్ళిపోయిన కుర్చీలో అచ్చయిన వాక్యం వచ్చి కూర్చుంది. అప్పటినుంచే ఒక్క కామా తేడాకు ఆట ఫలితం మారే పరిస్థితి వచ్చింది, సవరణల అవసరమూ పుట్టింది.

కార్డు అనే రూపం ఆ అవసరానికి తొలిరోజుల్లో చక్కని జవాబే. 2003లో అమెరికాలో ప్రైవటీర్ ప్రెస్ తెచ్చిన 'వార్‌మెషీన్'లో ప్రతి బొమ్మ పెట్టెలోనూ దాని కార్డు ఉండేది. లావుపాటి పుస్తకం తిరగేసే పని లేదు. కార్డును ప్లాస్టిక్ స్లీవులో పెట్టి, దాని మీదున్న గళ్ళలో తగిలిన దెబ్బలను చెరిపేసే పెన్నుతో గుర్తుపెట్టుకుంటే ఆట నడిచిపోయేది. ఎదుటివాడికి అనుమానమొస్తే కార్డు చేతికిస్తే సరి. నేను మనసారా మెచ్చుకునే గుణం ఇదే. రెండు పక్షాలకూ ఒకే కాగితం, ఇద్దరి కళ్ళెదుటా, ఒకే సమయంలో. 'మాలిఫో' అనే ఆటలోనూ అదే పద్ధతి. కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు పాత బొమ్మలు కొన్నవారికోసం కొత్త కార్డుల కట్టలను విడిగా అమ్మారు. 'వార్‌మెషీన్' కూడా 2010లో రెండో ఎడిషన్ తెచ్చినప్పుడు అదే చేసింది. ఆరేడేళ్ళకు ఒకసారి ఒక కట్ట కొనుక్కోవడం ఆటగాడికి మోయలేని భారమేమీ కాదు. అయితే రెండు ఎడిషన్ల నడుమ దొర్లిన తప్పుల మాటేమిటి? అసలు పరీక్ష అక్కడే. ఆ పరీక్షను అన్నిటికన్నా బహిరంగంగా ఎదుర్కొన్న ఆట 'ఎక్స్-వింగ్'.

ఫ్యాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2012లో తెచ్చిన ఈ స్టార్ వార్స్ ఆటలో రంగులద్దిన చిన్న అంతరిక్ష నౌకలు, వాటి పైలట్ కార్డులు, వాటికి తగిలించుకునే అప్‌గ్రేడ్ కార్డులు ఉండేవి. ప్రతి కార్డు మూలనా పాయింట్లు అచ్చయి ఉండేవి. అచ్చులో ఉన్న ధర తప్పని తేలితే దాన్ని మార్చే తోవ లేదు. కంపెనీ ఏం చేసిందో చూస్తే, ధరను అచ్చులో బంధించడం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుస్తుంది. ఏ-వింగ్ అనే నౌక తన ధరకు తగ్గ పని చేయడం లేదని తేలాక, దాని ధర తగ్గించడానికి 'చార్డాన్ రీఫిట్' అనే కొత్త కార్డును సృష్టించారు. ఆ కార్డు ఖరీదు మైనస్ 2 పాయింట్లు! 2014లో వచ్చిన 'రెబెల్ ఏసెస్' పెట్టె కొంటే గాని ఆ తగ్గింపు చేతికి రాదు. డార్త్ వేడర్ నడిపే టై అడ్వాన్స్‌డ్ సంగతి ఇంకా విడ్డూరం. తొలి విడతలోనే వచ్చిన ఆ చిన్న నౌకను నిలబెట్టే కార్డును, బల్లను ఆక్రమించేంత పెద్దదీ బాగా ఖరీదైనదీ అయిన 'ఇంపీరియల్ రైడర్' పెట్టెలో పెట్టారు. 'ఆటోథ్రస్టర్స్' అనే కార్డు అన్ని పక్షాల వేగమైన నౌకలకూ కావలసినదే, అది దొరికేది మాత్రం స్టార్‌వైపర్ అనే ఒకానొక నౌక పెట్టెలో. ధరలో తేడా సరిదిద్దడం కంపెనీ బాధ్యత. ఆ బాధ్యతే ఇక్కడ అమ్మకపు సరుకుగా మారింది.

ఇది ఒక ముఖం. రెండో ముఖం మరీ ముఖ్యం. ధర తగ్గించడానికి కొత్త కార్డు వేయవచ్చు గాని, ధర పెంచడానికి ఏ కార్డు వేస్తారు? ఎవరూ తగిలించుకోరు. అందుకని మితిమీరిన బలమున్న నౌకల విషయంలో కంపెనీ వాటి మాటనే తిరగరాయవలసి వచ్చింది. టై ఫాంటమ్ అనే నౌక మాయమైన స్థితినుంచి ఏ క్షణంలో బయటపడాలో మార్చారు. జంప్‌మాస్టర్ అనే నౌకకు అప్‌గ్రేడ్లు తగిలించుకునే గుర్తుల్లో కొన్నిటిని కొట్టేశారు. కార్డు మీద గుర్తు కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటుంది, అది లేనట్టు భావించాలి. ఎవరు భావించాలి? సవరణల పీడీఎఫ్ చదివినవాడు భావిస్తాడు. నిన్న దుకాణంలో పెట్టె కొన్న పదిహేనేళ్ళ కుర్రాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు. ధరను ముట్టుకోలేక మాటను గాయపరచడమంటే ఇదే. ఈ రంగంలో మాట మీద జరిగిన సవరణల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మాట తప్పయి మార్చినవి కొన్నే, ధర మార్చే వీలు లేక మార్చినవి ఎక్కువ.

2018లో 'ఎక్స్-వింగ్' రెండో ఎడిషన్ వచ్చినప్పుడు ఆ పాఠం నేర్చుకున్నట్టే కనబడింది. కార్డుల మీదనుంచి పాయింట్లను పూర్తిగా తీసేశారు. ధరలు, ఏ నౌకకు ఏయే అప్‌గ్రేడ్లు పెట్టవచ్చో చెప్పే వివరాలు యాప్‌లోకీ, ఉచిత పీడీఎఫ్‌లోకీ వెళ్ళాయి. పాత నౌకలున్నవారికి పక్షానికొక మార్పిడి పెట్టె అమ్మారు. అందులో కొత్త కార్డులు, కొత్త అట్ట డయళ్ళు ఉండేవి. నౌక కదలికలను ఎంచుకునే ఆ డయళ్ళను పీడీఎఫ్‌తో సరిచేయడం ఎలాగూ కుదరదు. ధర మారినప్పుడు ఇప్పుడు ఏ కార్డూ అబద్ధం కాలేదు, కొత్త జాబితా చూసుకుంటే చాలు. అయితే ఇక్కడ ఇంకో లోపం బయటపడింది. అధికారిక యాప్ కొద్ది కాలానికే మూతపడింది. ధరలు తెలుసుకోవడానికి, సైన్యాలు కూర్చుకోవడానికి అభిమానులు తయారుచేసిన వెబ్ సాధనాలే దిక్కయ్యాయి. మాటను, ధరను విడదీయడం సరైన నిర్ణయమే గాని, ధరను ఒక్క కంపెనీ మీట మీద ఆధారపడే తెరకు అప్పగించడం సరైనది కాదు.

'వార్‌హామర్ 40,000' కథ వేరు, అందులో కార్డుకన్నా పుస్తకానిదే రాజ్యం. 1987లో మొదలైన ఈ ఆటలో ఒక్కో సైన్యానికి ఒక్కో కోడెక్స్ పుస్తకం. కోడెక్స్‌లన్నీ ఒకేసారి రావు, ఏళ్ళ తరబడి ఒకటొకటిగా వస్తాయి. అందుకే చాలాకాలం ఒక సైన్యం కొత్త ఎడిషన్ నియమాలతోనూ, ఎదుటి సైన్యం పాత ఎడిషన్ పుస్తకంతోనూ తలపడేవి. 2017లో ఎనిమిదో ఎడిషన్‌తో అన్ని సైన్యాలనూ ఒకేసారి అయిదు ఇండెక్స్ పుస్తకాల్లోకి తెచ్చి, పాయింట్లను బొమ్మల వివరాలకు దూరంగా పుస్తకం చివర్లో పెట్టారు. ఏటా ఒక సవరణ పుస్తకం అమ్మారు. ఏడాది చాలా ఎక్కువ సమయమనిపించి 2021లో బ్యాలెన్స్ డేటాస్లేట్ అనే ఉచిత పత్రం మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది లీగ్స్ ఆఫ్ వోటాన్ అనే కొత్త సైన్యం విషయంలో జరిగినది ఈ రంగం గుర్తుంచుకోవలసిన ఘటన. ఆ కోడెక్స్ విడిగా దుకాణాలకు చేరకముందే దానికి సవరణ వచ్చింది. అచ్చు ఆరకముందే పాతబడిన పుస్తకాన్ని ఆటగాడు పూర్తి ధర పెట్టి కొన్నాడు. సవరించడం తప్పని నేననను, ఆ సైన్యం బలం నిజంగానే హద్దు మీరింది. వారాల్లో మారిపోగలదానిని అట్టపుస్తకంలో అచ్చువేయడమే తప్పు.

2023లో పదో ఎడిషన్ వచ్చేసరికి అన్ని బొమ్మల వివరాలనూ తొలినాడే ఉచిత పీడీఎఫ్‌లుగా ఇచ్చారు, పాయింట్లకు విడిగా ఉచిత పత్రం పెట్టారు. ఇది ఎంతో మంచి అడుగు. కానీ ఒక్కో సైన్యానికి కొత్త కోడెక్స్ వచ్చేకొద్దీ ఆ సైన్యపు ఉచిత పీడీఎఫ్‌ను ఉపసంహరించారు. యాప్‌లో ఆ వివరాలు తెరుచుకోవాలంటే పుస్తకంలోని కోడ్ కావాలి. పైగా డేటాస్లేటు ధరలతో ఆగక, శక్తుల మాటలను కూడా ఏడాదిలో పలుమార్లు మారుస్తోంది. ఒక ఆటగాడు తన సైన్యం గురించి నిజం తెలుసుకోవాలంటే ముందు కోడెక్స్ చదవాలి, తర్వాత దాని తప్పొప్పుల పట్టిక, ఆ తర్వాత డేటాస్లేటు, చివరికి పాయింట్ల పత్రం చూడాలి. నాలుగూ విడివిడిగా సరైనవే. నాలుగింటినీ కలిపి ఒక్క చోట, ఒక్క వాక్యంగా రాసి ఇచ్చేదేదీ అచ్చు రూపంలో లేదు. ధరను విడదీసిన ఆట కూడా మాటను ధరంత వేగంగా మార్చడం మొదలుపెడితే మళ్ళీ పాత అవస్థే వస్తుంది.

ధరే లేకుండా చేస్తే పోలేదా అని కూడా ఒకసారి ప్రయత్నించారు. 2015లో గేమ్స్ వర్క్‌షాప్ వారి 'ఏజ్ ఆఫ్ సిగ్మార్' నాలుగు పేజీల ఉచిత నియమాలతో, ఉచిత బొమ్మల వివరాలతో, పాయింట్లు అసలే లేకుండా వచ్చింది. ఆటగాళ్ళు తమంతట తామే పాయింట్ల పద్ధతులు తయారుచేసుకున్నారు. మరుసటి ఏడాదే కంపెనీ ఒక చిన్న పుస్తకంలో పాయింట్లు ప్రకటించింది. ఆ ప్రయోగం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

యాప్ ఉండగా ఈ తంటా అంతా ఎందుకన్నది ఇప్పుడు బలంగా వినబడే వాదన. తెర మీద ఎప్పుడూ తాజా పాఠమే ఉంటుంది, కార్డు అబద్ధం చెప్పే ప్రసక్తే లేదు అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. స్పెయిన్‌లోని గలీషియాకు చెందిన కొర్వస్ బెల్లి కంపెనీ తన 'ఇన్ఫినిటీ' ఆటకు నియమాలన్నీ ఉచితంగా ఇస్తుంది. సైన్యం కూర్చే అధికారిక సాధనమూ ఉచితమే. ఏళ్ళుగా అది నమ్మకంగా నడుస్తోంది. కానీ 'వార్‌మెషీన్' నడిచిన దారి కూడా చూడాలి. 2016లో మూడో ఎడిషన్, ఆ తర్వాత కార్డులు పెట్టెలనుంచి ఉచిత డిజిటల్ రూపానికి మారడం, 2017లో ఆటగాళ్ళను భాగస్వాములను చేస్తూ బహిరంగంగా నియమాలు పరీక్షించే పద్ధతి, 2022లో నాలుగో ఎడిషన్‌తో పూర్తిగా యాప్ మీదికి వెళ్ళిపోవడం. చివరికి 2024లో ఆ ఆట స్టీమ్‌ఫోర్జ్‌డ్ గేమ్స్ చేతికి వెళ్ళింది. దాని ఆదరణ తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ కార్డుల నెత్తిన వేయడం న్యాయం కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మార్చడం ఎంత సులువైతే మార్చాలన్న కోరిక అంత పెరుగుతుంది. అచ్చు ఖర్చు ఉన్నంతకాలం రూపకర్త ఒక మాట మార్చేముందు పదిసార్లు ఆలోచిస్తాడు. ఆ ఖర్చు పోయినప్పుడు ఆ ఆలోచన కూడా పోయే ప్రమాదముంది. నెలనెలా మారే మాటను ఎవరూ కంఠతా పట్టరు. కంఠతా రాని నియమంతో ఆడే ఆటలో చూపు బల్ల మీద ఉండదు, ఫోను మీద ఉంటుంది. ఎదుటివాడి శక్తులేమిటో తెలిసి ఎత్తు వేయడమే ఈ ఆటల్లోని ఆనందం. ఆ తెలిసి ఉండటానికి కాలం పడుతుంది, మాట నిలకడగా ఉంటేనే అది సాధ్యం.

నిలకడకు అతి పెద్ద సాక్ష్యం 'బ్యాటిల్‌టెక్'. 1984లో వచ్చిన ఈ అమెరికన్ ఆటలో భారీ లోహయంత్రాలు తలపడతాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో రికార్డు షీటు, దాని మీద కవచాన్ని సూచించే చిన్న చిన్న వలయాలు, దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కొక్కటే నింపడం. 1980లలో జెరాక్స్ తీసిన షీటును ఈనాటి బల్ల మీద పెట్టినా దాదాపుగా అలాగే ఆడవచ్చు. కంపెనీలు చేతులు మారాయి, బొమ్మల అచ్చులు మారాయి, యంత్రం ఏం చేయగలదన్న మాట మాత్రం మారలేదు. మారింది ధర. బ్యాటిల్ వాల్యూ అనే బలం లెక్క 1990లలో వచ్చింది, 2000లలో దాన్ని సమూలంగా తిరగరాశారు. దానికోసం యంత్రాల ఆయుధాలను గాని కవచాన్ని గాని ముట్టుకోలేదు. ఇప్పుడా లెక్కలన్నీ మాస్టర్ యూనిట్ లిస్ట్ అనే ఉచిత పట్టికలో ఉన్నాయి. ఇంతకన్నా తేటగా నా వాదాన్ని చూపే ఆట ఇంకొకటి లేదు. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరమూ ఉంది: 'బ్యాటిల్‌టెక్' ఆడేవారు గెలుపుకన్నా కథను ఇష్టపడతారు, అసమానతను సహిస్తారు, తీవ్రమైన పోటీకి ఆ నిలకడ పనికిరాదు అని. ఇందులో సగం నిజముంది. మిగతా సగానికి జవాబు పోటీ మరీ తీవ్రంగా ఉండే చోటే దొరుకుతుంది. 'మ్యాజిక్: ద గేదరింగ్' బొమ్మల ఆట కాదు, 1993లో మొదలైన కార్డుల ఆట. అయినా అచ్చయిన మాటకూ చెల్లే మాటకూ మధ్య ఎడాన్ని అంత పెద్ద ఎత్తున ఎదుర్కొన్న ఆట ఇంకొకటి లేదు. అక్కడ ప్రతి కార్డుకూ ఆరకిల్ అనే అధికారిక పాఠం ఉంటుంది, అది ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంటుంది. కానీ ఆ పాఠాన్ని సవరించేటప్పుడు వాళ్ళు పాటించే నియమం గట్టిది. కార్డు చేసే పని మారకుండా వాక్యాన్ని తేటపరుస్తారే గాని, బలం తగ్గించడానికి మాట మార్చరు. బలం మించిన కార్డును పోటీలనుంచి నిషేధిస్తారు. 2020లో కంపానియన్ కార్డుల విషయంలో బలం తగ్గించడానికే నియమం మార్చవలసి రావడం అరుదైన మినహాయింపు కనుకే అంతగా చర్చకు వచ్చింది. లక్షల రూపాయల బహుమతులున్న పోటీలో ఈ కట్టుబాటు చెల్లుతున్నప్పుడు, ఊరి దుకాణంలో జరిగే మినియేచర్ టోర్నమెంటులో చెల్లదనడం ఎలా?

మనకు బాగా తెలిసిన క్రికెట్‌లోనూ ఈ విభజన ఉంది. ఆట చట్టాలు ఎంసీసీ చేతిలో ఉంటాయి, అవి నెమ్మదిగా మారతాయి, ఇప్పుడు అమల్లో ఉన్న కోడ్ 2017 నాటిది. ఒక్కో పోటీకి వర్తించే ఆట షరతులు వేరు. వన్డేల్లో రెండు కొత్త బంతులు 2011లో వచ్చినా, ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ 2023లో వచ్చినా, వీధిలో ఆడే పిల్లలు బౌల్డ్ అంటే ఏమిటో కొత్తగా నేర్చుకోనక్కరలేదు. మినియేచర్ కంపెనీలు టోర్నమెంటు షరతునీ ఆట చట్టాన్నీ ఒకే పత్రంలో కలిపేస్తాయి. నూటికి తొంభై మంది ఇంట్లో, స్నేహితులతో ఆడుకుంటారనుకుందాం. పెద్ద టోర్నమెంట్లలో పైకొచ్చిన ఒక సైన్యం కోసం అందరి కార్డులూ మార్చడం వారికి ఒరగబెట్టేదేమీ లేదు.

ధర ఒక్కటే అన్ని తప్పులనూ సరిదిద్దలేదన్న అభ్యంతరం మాత్రం గట్టిది, దానికి తలవంచాలి. కొన్ని శక్తులు ఏ ధరకైనా ఆటను చెడగొడతాయి. ఎదుటివాడికి ఆడే అవకాశమే లేకుండా చేసే శక్తిని ఖరీదు పెంచి వదిలేస్తే, అది తక్కువసార్లు కనిపిస్తుంది గాని కనిపించినప్పుడల్లా అంతే విసుగు పుట్టిస్తుంది. టై ఫాంటమ్ ఆ కోవలోనిదేనని వాదించవచ్చు కూడా. అలాంటప్పుడు మాట మారాలి. ఎలా మారాలన్నదే ప్రశ్న. సవరణ పత్రాల్లో అలవాటైన పద్ధతి ఒకటుంది: ఫలానా పేజీలో, ఫలానా శక్తి రెండో వాక్యంలో, ఫలానా పదాలకు బదులు ఈ పదాలు చదువుకోండి అని. చట్టసభల సవరణ బిల్లుల్లా ఉండే ఈ అతుకులు రాసేవారికి సులువు, ఆడేవారికి నరకం. దీనికి ఎదురుగా 'బ్లడ్ బౌల్' నిలబడుతుంది. 1986లో గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన ఈ అమెరికన్ ఫుట్‌బాల్ తరహా ఆటకు 2000ల తొలి ఏళ్ళనుంచి లివింగ్ రూల్‌బుక్ అనే పద్ధతి నడిచింది. ఆటగాళ్ళు కూడా ఉన్న ఒక నియమాల సంఘం మార్పులను చర్చించి, నిర్ణీత కాలానికి ఒకసారి మొత్తం పుస్తకాన్నే కొత్తగా, ఉచితంగా విడుదల చేసేది. దానికొక సంఖ్య ఉండేది. ఏ లీగు ఏ సంఖ్యతో ఆడుతోందో ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. అతుకులు వెతుక్కునే పని లేదు, చేతిలో ఉన్నది పూర్తి పాఠం. కంపెనీ ఆ ఆటను దాదాపుగా వదిలేసిన ఏళ్ళలో కూడా ప్రపంచమంతటా లీగులు నడిచాయంటే, 2016లో కంపెనీయే దాన్ని మళ్ళీ అందుకుందంటే, అందులో ఈ పద్ధతి వాటా చిన్నది కాదు. కార్డుల ఆటకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క పదం మారినా ఆ కార్డు మొత్తాన్ని కొత్తగా, తేదీతో, ప్రింటు తీసుకోగలిగిన సైజులో ఇవ్వాలి. ఆటగాడు దాన్ని జెరాక్స్ షాపులో రంగుల ప్రింటు తీయించి, కత్తిరించి, అదే స్లీవులో పాత కార్డు ముందు దూరిస్తాడు. పాత కార్డు గట్టిదనం ఇస్తుంది, కొత్త కాగితం నిజం చెబుతుంది. మూలనున్న తేదీ చూస్తే ఎదుటివాడి కార్డు తాజాదో కాదో అడగకుండానే తెలుస్తుంది.

ఉచితంగా ఇస్తే కంపెనీ బతికేదెలా అంటారు. నియమాలు రాసేవారికీ పరీక్షించేవారికీ జీతాలివ్వాలి, నిజమే. కానీ ఈ రంగంలో రాబడి ప్రధానంగా బొమ్మదే. ప్లాస్టిక్ అచ్చును ఇంట్లో తయారుచేసుకోవడం కష్టం, కార్డును ఫొటో తీయడం క్షణంలో పని. కాపలా కాయలేని దాని మీద కాపలా పెట్టి, నిజాయితీపరుడైన కొనుగోలుదారునే ఇబ్బంది పెట్టడం వ్యాపారంగా కూడా తెలివైనది కాదు. అటామిక్ మాస్ గేమ్స్ 'మార్వెల్: క్రైసిస్ ప్రోటోకాల్' పాత్రల కార్డులను సవరించినప్పుడు కొత్త పాఠాన్ని ఉచితంగా ప్రింటు తీసుకునేందుకు ఇచ్చింది. ఆ కారణంగా బొమ్మల అమ్మకం ఆగలేదు. కథలు, చిత్రాలు, యుద్ధరంగాల వర్ణనలతో అందమైన పుస్తకాలు అమ్ముకోవచ్చు, వాటిని ఇష్టంగా కొనేవారున్నారు. అందులో ఉండకూడనిది ఒక్కటే, నెలల్లో చెల్లని కాసయ్యే సంఖ్య.

ఈ మాటల బరువు ఈ ఆటలు ఎక్కువగా ఆడే చోట్లకు దూరంగా ఉన్నవారికి ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న ఆటగాడు విదేశంనుంచి పెట్టె తెప్పించుకుంటే రవాణా ఖర్చు, సుంకం కలిసి బొమ్మ ఖరీదు ఎక్కడికో పోతుంది, చేరేసరికి వారాలు పడతాయి. ధర సరిదిద్దే కార్డు ఇంకో పెట్టెలో ఉందంటే అతనికది ఇంకోసారి ఆ ఖర్చంతా. దుకాణాల్లో వారంవారం కలుసుకునే పెద్ద బృందాలున్న చోట సవరణల కబురు నోటిమాటగా పాకుతుంది. నలుగురే ఉన్న చోట ఎవరో ఒకరు పనిగట్టుకుని వెతికితే తప్ప తెలియదు. అలాంటి చిన్న బృందాలు ఒక తేదీని గీతగా పెట్టుకుని, ఆ తేదీ వరకు వచ్చిన సవరణలతోనే ఏడాదంతా ఆడుకోవడం మేలైన పని. పెద్ద టోర్నమెంట్లు కూడా పోటీకి కొన్ని వారాల ముందొక గడువు పెట్టి, ఆ తర్వాత వచ్చిన మార్పులను పక్కన పెడతాయి. కొత్తదనంలో వెనకబడిపోతామన్న బెంగ అక్కరలేదు, ఆటకు కావలసింది ఇద్దరూ ఒకే పాఠం మీద నిలబడటం.

కంపెనీ ఆటనే ఆపేసినప్పుడు ఏమవుతుందన్నది ఇప్పటిదాకా పెద్దగా చర్చకు రాని విషయం. 2015లో పాత 'వార్‌హామర్'ను ఆపేసినప్పుడు కొందరు పాత ఎడిషన్లలోనే ఉండిపోయారు, కొందరు అభిమానుల నియమాలతో 'నైన్త్ ఏజ్' మొదలుపెట్టారు. పుస్తకాలు చేతిలో ఉన్నాయి గనుక ఎవరి దారి వారు చూసుకోగలిగారు. పూర్తిగా యాప్ మీద బతికే ఆట ఆగిపోతే బొమ్మలుంటాయి, అవి ఏం చేయగలవో చెప్పే పాఠం ఉండదు. అందుకే ప్రతి కంపెనీ ఆట ఆపే రోజున చివరి పాఠాన్ని కార్డులుగా, దించుకోగల ఫైళ్ళుగా వదిలిపెట్టాలని కోరడం ఆటగాళ్ళ హక్కని నేననుకుంటాను.

'ఎక్స్-వింగ్' ఇక్కడ మళ్ళీ పనికొచ్చే ఉదాహరణ. 2020 చివర్లో ఆ ఆట అటామిక్ మాస్ గేమ్స్‌కు బదిలీ అయింది. 2022లో కొత్త యాజమాన్యం సైన్యాలు కూర్చే పద్ధతినే మార్చి, 200 పాయింట్ల లెక్క స్థానంలో 20 పాయింట్ల లెక్క తెచ్చింది. అది నచ్చనివారు పాత లెక్కనే కొనసాగిస్తూ సొంత ధరల జాబితా ప్రచురించడం మొదలుపెట్టారు. 2024లో కంపెనీ ఆట అభివృద్ధిని నిలిపివేసినట్టు ప్రకటించాక, కొత్త పద్ధతి ఇష్టపడేవారు ఎక్స్-వింగ్ అలయన్స్ పేరుతో తమ జాబితా తాము నడుపుకుంటున్నారు. సంఘాలు రెండు, ధరల జాబితాలు రెండు. 2018లో కార్డుల మీదనుంచి పాయింట్లు తీసేసి ఉండకపోతే ఈ రెంటిలో ఒక్కటీ సాధ్యమయ్యేది కాదు. ఇప్పుడు ఒకే పెట్టె మోసుకొచ్చిన ఆటగాడు, అవే నౌకలతో, దాదాపుగా అవే కార్డులతో, రెండు బల్లల్లో ఏ బల్ల దగ్గరైనా కూర్చుని ఆడగలడు.